ఆమెన్ అన్న చోట

1976 జూలై 5, సోమవారం

ఎరువుల కంపెనీవాళ్ళు జనవరిలో పంచిన డైరీ ఇది. ఆరు నెలలుగా ట్రంకు పెట్టెలో కట్టమ్మ చీరల కింద పడి ఉంది. కట్టమ్మ కాన్పుకు పుట్టింటికి, నెక్కొండ పోయింది కనుక తీసి రాస్తున్నాను. ఆమె ఇక్కడే ఉంటే ఆమెకే చెప్పేవాణ్ణి, నాలుగు తిట్టేది, నా పాపం అక్కడితో పోయేది.

శనివారం మ్యాట్నీకి పోయాను. ఆఫీసులో "పోస్టాఫీసుకు పోతున్నా" అని చెప్పి, టపా సంచి చంకలో పెట్టుకుని నేరుగా టాకీసుకు. ఏం చేయను, గూఢచారి సినిమా వచ్చిందంటే నా కాళ్ళు నా మాట వినవు. ఈ సినిమాలో హీరో నల్ల కోటు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని రైలు పైకప్పు మీద నడుస్తాడు. జుట్టు చెదరదు. సిగరెట్ పెట్టెలో టేపు రికార్డరు! దాన్ని విలన్ సోఫా కింద పెట్టి, బయట కారులో కూర్చుని వాళ్ళ గుట్టంతా వింటాడు. అబ్బ, ఏం కూర్చున్నాడు, ఏం విన్నాడు! నేను టపా సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను.

ఇంటర్వెల్‌లో మిర్చీల కోసం బయటికి వస్తే, బాల్కనీ మెట్లు దిగుతూ మేనేజరుగారు. వెంట భార్య, మరదలు. ఆయన నన్ను చూశారు. సంచిని చూశారు. ఏమీ అనకుండా పోయారు.

ఇవాళ పదకొండింటికి లోపలికి పిలిచారు. టేబుల్ మీద నా పేరున మెమో టైపు చేసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. "ఎమర్జెన్సీ నడుస్తోందయ్యా ఉప్పలయ్యా. పావుగంట లేటుగా వచ్చినవాళ్ళనే ఇంటికి పంపించేస్తున్నారు. డ్యూటీలో సినిమాకి పోయినవాణ్ణి ఏం చేస్తారో నువ్వే చెప్పు" అన్నారు. క్యాంపు రిజిస్టరులో శనివారం ఆయన మరిపెడలో ఉన్నట్టు రాసి ఉంది. ఆ రిజిస్టరు రాసేది నేనే. సినిమాలో అయితే హీరో చిన్నగా నవ్వి ఆ మాట అనేవాడు. నేను డిస్పాచ్ క్లర్కును, కవర్లకు జిగురు పూసేవాణ్ణి, నా మాట ఎవరు నమ్ముతారు?

ఆయన మెమో తీసి సొరుగులో పెట్టారు. "గూఢచారి సినిమాలంటే ఇష్టం కదూ? మరి కళ్ళూ చెవులూ బాగానే పనిచేస్తాయన్నమాట. ఎవరేం మాట్లాడుకుంటున్నారో, ఎవరింటికి ఎవరొస్తున్నారో వారానికోసారి ఓ కాగితం మీద రాసివ్వు. పేరు పెట్టక్కర్లేదు. నా టపాలో వేసెయ్యి" అన్నారు.

భయమేసింది. ఇక్కడ అబద్ధం రాయడం ఎందుకు, కొంచెం సంతోషం కూడా వేసింది.

జూలై 7, బుధవారం

కవరు మీద "అతి రహస్యం" అని రాసి, దూరంగా పెట్టి చూసుకుని, చింపేశాను.

జూలై 12, సోమవారం

మొదటి కాగితం ఇచ్చాను. అటెండరు సారయ్య చాయ్‌లో చక్కెర తక్కువైందని హోటలువాణ్ణి తిట్టాడని రాశాను. గోదాములో ఎలుకలు ఎక్కువయ్యాయని అందరూ బాధపడుతున్నారని రాశాను. మేనేజరుగారు చదివి నా ముందే ఉండచుట్టి బుట్టలో వేశారు. "దేవదానం సంగతి రాయవేం? పక్కపక్కనేగా ఉండేది?" అన్నారు.

దేవదానమన్న మా హెడ్ క్లర్కు. దేశాయిపేటలో ఈ గది నాకు ఇప్పించింది ఆయనే. ఆయన ఇంటికీ నా గదికీ నడుమ ఒకటే గోడ. కట్టమ్మ పుట్టింటికి పోయిన నాటి నుంచి ఆయన భార్య హన్నా వదిన రోజూ పొద్దున నాకు కూర పంపుతుంది. ఆయన అబద్ధమాడడు. వానలో చిక్కుకుని పది నిమిషాలు లేటైతే, ఎవరూ చూడకపోయినా రిజిస్టరులో పది నిమిషాలు లేటని తన చేత్తో తనే రాసుకుంటాడు. ఇట్లాంటి మనిషిని ఏ సినిమాలోనూ పెట్టరు, చూసేవాళ్ళకు నిద్ర వస్తుంది.

మేనేజరుగారికి ఆయన మీద కోపం పోయిన నెల నుంచి. ఒక్కో ఉద్యోగి కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఇద్దరిని తేవాలని చెప్పారు. మేమంతా తల వంచుకున్నాం. దేవదానమన్న లేచి నిలబడి, "నాతోని కాదు సార్. మనిషిని మభ్యపెట్టి దవాఖానకు తోల్కపోను" అన్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు.

జూలై 16, శుక్రవారం

పొద్దున కూర గిన్నె ఇస్తూ హన్నా వదిన, "ఇయ్యాల మా సంఘపోళ్ళు వస్తాండ్రు తమ్మీ. పొద్దుమీకి జర లొల్లి ఉంటది, ఏమనుకోకు" అన్నది. నెలకోసారి ఉండేదే. వాళ్ళ చర్చి జనం ఇంట్లో కూర్చుని పాటలు పాడి ప్రార్థన చేసుకుంటారు, దాన్ని కూటం అంటారు. నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ టైముకు చాపేసుకుని పాత సినిమా పత్రికలు తిరగేసేవాణ్ణి.

ఇవాళ స్టీలు గ్లాసు గోడకు ఆనించి, దానికి చెవి పెట్టి విన్నాను. నిజంగానే వినపడుతుంది! పన్నెండుమంది వచ్చారు. జల్లు కొడుతుంటే తలుపులు మూశారు. కంజిర వాయించారు. డోర్నకల్ నుంచి వచ్చిన పాస్టరుగారు మాట్లాడారు. నేను పెన్సిలు పట్టుకుని ఒక్కో మాటా రాసుకున్నాను. పెళ్ళయ్యాక ఇంత హుషారుగా ఎప్పుడూ లేను.

ఫెయిర్ చేసిన కాగితం ఇది, నా కోసం ఇక్కడ దించుకుంటున్నాను.

"శుక్రవారం సాయంత్రం ఆరింటికి దేవదానం ఇంట్లో సంఘంవాళ్ళ కూటం. హాజరు పన్నెండు. తలుపులు మూసుకున్నారు. డోర్నకల్ నుంచి ఒక నాయకుడు వచ్చాడు. 'ఈ రాజ్యాలన్నీ కూలిపోతాయి. మన రాజు వస్తున్నాడు. దినము దగ్గర పడింది. సిద్ధపడండి' అన్నాడు. అందరూ సరే అన్నారు."

వాళ్ళు అన్నది ఆమెన్. ఆమెన్ అని రాస్తే అంతా తెలిసిపోతుంది, ఉత్త భజన అయిపోతుంది. అందుకని సరే అని రాశాను. పాస్టరు అని కూడా రాయలేదు. అబద్ధమైతే ఒక్కటీ లేదు. చదివి మేనేజరుగారు పడీపడీ నవ్వుతారు.

జూలై 19, సోమవారం

నవ్వలేదు.

రెండుసార్లు చదివారు. "సంఘంవాళ్ళా?" అన్నారు. అవున్సార్ అన్నాను. "డోర్నకల్ నుంచా?" అవున్సార్. "శభాష్" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, బుట్టలో వేయలేదు.

మా నాయన కాలం నుంచి ఈ జిల్లాలో సంఘపోళ్ళంటే ఎర్రజెండావాళ్ళు. దొరల మీద తిరగబడి అడవి పట్టినవాళ్ళు. దేవదానమన్నవాళ్ళకు సంఘమంటే చర్చి. రెండూ నాకు తెలుసు. మేనేజరుగారికి కూడా రెండోది తెలిసే ఉంటుంది. చదువుకున్నవారు, నాలుగు ఊళ్ళు తిరిగినవారు. తెలియకపోతే అడిగేవారు కదా.

శభాష్ అన్నారు. ఆ మాట నాతో ఈ ఆఫీసులో ఇంతవరకు ఎవరూ అనలేదు.

జూలై 20, మంగళవారం

రేపు చెప్తాను. "సార్, అది ప్రార్థన" అంటే సరిపోతుంది. మూడు మాటలు.

జూలై 21, బుధవారం

మేనేజరుగారు క్యాంపు. ఈసారి నిజంగానే పోయారు.

జూలై 23, శుక్రవారం

తీరిక దొరకలేదు. రేపు చెప్తాను.

జూలై 24, శనివారం

మూడు గంటలకు ఇద్దరు వచ్చారు. నల్ల కోటు లేదు, కళ్ళద్దాలు లేవు. ఒకాయన చొక్కాకు గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాడు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. నేను గోదాముకు వచ్చిన రైతులనుకుని "బిల్లు కౌంటరు అటు" అని చెయ్యి చూపించాను. వాళ్ళు పోలీసులు.

దేవదానమన్న రాస్తున్న లైను పూర్తి చేశాడు. పెన్నుకు మూత పెట్టాడు. బీరువా తాళాలు తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. ఆఫీసులో పద్నాలుగుమంది ఉంటే నా చేతిలోనే పెట్టాడు.

"తమ్మీ, మీ వదినెకు చెప్పు, జర ఆలస్యమైతదని. ఫికర్ జేయొద్దను" అన్నాడు.

మేనేజరుగారి గది తలుపు మూసే ఉంది. పోలీసులు దేవదానమన్నను ఒక రిక్షాలో ఎక్కించి మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు.

నేను పోయి వదినకు చెప్పాను. ఆమె చేతిలో చాట అట్లాగే ఉంది. "ఏం జేసిండని తమ్మీ?" అన్నది. తెలియదన్నాను. కాసేపటికి ఆమే లేచి, "పొద్దటి సంది తిన్నవో లేదో, కూసో" అని నాకు అన్నం పెట్టింది. తిన్నాను. ఎట్లా తిన్నానో ఏమో, అంతా తిన్నాను.

జూలై 25, ఆదివారం

గోడ అవతల ఏడుపు. గదిలో ఉండలేక మ్యాట్నీకి పోయాను. ఇవాళ సెలవే, తప్పేం లేదు.

కొత్త సినిమా. గూఢచారులు లేరు, ఫైటింగులు లేవు, అంతా ఆఫీసే. పెద్ద మిల్లు, అద్దాల గది, అందులో యజమాని. బయట టైపు మిషన్ల చప్పుడు. ఒక నిజాయితీపరుడైన గుమస్తా. ఇంకొకడుంటాడు, తలకు నూనె రాసుకుని, అద్దాల గదిలోకి వంగి వంగి పోయి చాడీలు చెప్పేవాడు. ఎంత బాగా తీశాడంటే, వాడు తలుపు తోసిన ప్రతిసారీ నా పక్కనున్న రిక్షా ఆయన "వచ్చిండురా చెంచాగాడు!" అని అరిచాడు. బెంచీలన్నీ అరిచాయి. నేను కూడా అరిచాను. గుమస్తాకు మెమో ఇచ్చే సీనులో అందరికంటే గట్టిగా అరిచాను, "చెంప పగలగొట్టుర్రి వాణ్ణి!" అని.

అప్పుడు నా గొంతు నాకే వినపడింది. ఇంటర్వెల్ దాకా కూడా ఆగలేదు, లేచి వచ్చేశాను. సినిమా మధ్యలో లేచి రావడం నా జన్మలో ఇదే మొదలు. వాడికి చివర ఏమైందో తెలియదు.

జూలై 27, మంగళవారం

దేవదానమన్నను స్టేషన్ నుంచి ఇంటికి పంపించారు. ఉద్యోగంలోంచి సస్పెండు చేశారు. రోజూ పొద్దున స్టేషన్‌కు పోయి సంతకం పెట్టి రావాలట. హైదరాబాదు నుంచి ఆఫీసరు వచ్చి విచారణ చేస్తారట. ఆయన కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఏమైందని నేను అడగలేదు.

రేపు చెప్తాను. ఎవరికి చెప్పాలి? మేనేజరుగారికి చెప్తే మెమో మీద సంతకం పడుతుంది. కట్టమ్మకు ఎనిమిదో నెల.

ఆగస్టు 2, సోమవారం

"డోర్నకల్ ఆయన పేరు కనుక్కో" అన్నారు మేనేజరుగారు. ఇక నాతో కాదు సార్ అనుకునే లోపలికి పోయాను. దేవదానమన్న అన్నట్టే, లేచి నిలబడి అన్నట్టే, దారిపొడుగునా అనుకుంటూ పోయాను.

సరే సార్ అన్నాను.

ఆగస్టు 4, బుధవారం

కూర గిన్నె వస్తూనే ఉంది. ఇవాళ గోంగూర. వద్దంటే ఎందుకంటుంది.

ఆగస్టు 8, ఆదివారం

హన్నా వదిన పిలిచింది. పోతే మంచం మీద ఠావు కాగితాలు, కొత్త పెన్ను పెట్టి ఉన్నాయి. "మీ అన్నకు చెయ్యి వణుకుతాంది. హైదరాబాద్ ఆఫీసరుకు అర్జీ రాయాలె. నీ రాత ముత్యాల లెక్కుంటది, నువ్వే రాయి తమ్మీ" అన్నది. నేను వాకిట్లోనే నిలబడ్డాను. "మాకు ఇంకెవరున్నరు?" అన్నది.

రాశాను. మేనేజరుగారు చూస్తే ఎవరి చెయ్యో తెలిసిపోతుందని తెలుసు. తెలిసీ రాశాను, ఇది మాత్రం నిజం. రాస్తూ ఉంటే గుండె కొంచెం తేలికైంది. దేవదానమన్న ఏమీ చెప్పాల్సిన పని లేకుండా నేనే పేరాలు కట్టాను. సంఘమంటే మా చర్చి సంఘమనీ, కూటమంటే ప్రార్థన అనీ, వచ్చినవారు పాస్టరుగారనీ, వస్తున్న రాజు అంటే యేసుప్రభువు అనీ, వాన జల్లుకు తలుపులు మూశామనీ రాశాను. ఆఖర్న, "ప్రార్థన ముగిశాక అందరూ ఆమెన్ అన్నారు తప్ప సరే అనలేదు" అని రాశాను.

దేవదానమన్న కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివాడు. ఆఖరి లైను మీద వేలు పెట్టి ఆగాడు. తర్వాత సంతకం పెట్టాడు.

"మంచిగ రాసినవు తమ్మీ" అన్నాడు.

ఆగస్టు 9, సోమవారం

కవరుకు జిగురు పూస్తుంటే తట్టింది. మేనేజరుగారికి పోయిన కాగితంలో సరే అన్న మాట ఉందని నాకు ఎవరు చెప్పారు? ఆయన చెప్పలేదు. వదిన చెప్పలేదు. పోలీసులు చదివి ఉంటే ఆయనకు మాత్రమే చదివి ఉంటారు.

గోడవైపు చూడాలంటే భయంగా ఉంది. ఆ గ్లాసుతో నీళ్ళు తాగడం మానేశాను.

ఆగస్టు 15, ఆదివారం

జెండా ఎగరేశారు. మేనేజరుగారు క్రమశిక్షణ గురించి మాట్లాడారు. చప్పట్లు కొట్టాం.

ఆగస్టు 18, బుధవారం

దేవదానమన్న మారలేదు. వాకిట్లో కనపడితే "తిన్నవా తమ్మీ" అంటాడు. బహుశా ఆ లైను ఆయన సరిగ్గా చూసి ఉండడు. కళ్ళు మసకలు కూడా. కళ్ళజోడు మార్చుకోవాలని ఆయనే ఎప్పుడో అన్నాడు. గమనించి ఉండడు.

ఆగస్టు 23, సోమవారం

విచారణ ఇవాళ. అంతా రాస్తాను, ఒక్కటీ వదలను.

హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు రాజేశ్వర్ రావు గారు. బట్టతల, జేబులో ముక్కుపొడి డబ్బా. మేనేజరుగారి కుర్చీలో ఆయన కూర్చున్నారు, మేనేజరుగారు పక్కన కూర్చున్నారు. ఎదురుగా దేవదానమన్న నిలబడ్డాడు. ఫైళ్ళు అందించడానికి నన్ను లోపల ఉండమన్నారు.

టేబుల్ మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి నా కాగితం. ఇంకొకటి నా అర్జీ. పుట్టుమచ్చలతో సహా అవే అక్షరాలు. 'క' తలకట్టు కొంచెం సాగదీసి రాయడం నాకు అలవాటు, రెండింటిలోనూ అన్ని 'క'లూ సాగి ఉన్నాయి.

రాజేశ్వర్ రావు గారు మొదటి కాగితం పైకి చదివారు. "అందరూ సరే అన్నరా, ఆమెన్ అన్నరా?" అని అడిగారు.

"ఆమెన్ అన్నం సార్."

"మా ఇంటి పక్కపొంటి గూడ కూటం అయితదయ్యా. ప్రతి శుక్రారం నాకు నిద్ర ఉండది" అని ఆయన నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. "నాకు తెలియదండీ, సంఘం అంటే ఇంకోలా అనుకున్నాను" అన్నారు. నిజంగా తెలియదేమో. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణేనా?

తర్వాత రాజేశ్వర్ రావు గారు మొదటి కాగితం దేవదానమన్న వైపు తిప్పారు. "ఈ రాత ఎవరిదో గుర్తువడతరా?"

పదేళ్ళుగా ఈ ఆఫీసు నుంచి పోయిన ప్రతి కవరు మీద అడ్రసు నేనే రాశాను. ప్రతిదాన్నీ దేవదానమన్న చూసి పంపాడు. ఆయన కాగితం వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

"తెల్వది సార్" అన్నాడు.

"మంచిగ చూసి చెప్పుర్రి."

"తెల్వది సార్."

ఆ మాట టైపు చేసి సంతకం పెట్టించుకున్నారు. సస్పెన్షను ఎత్తేసి, రేపటి నుంచి డ్యూటీలో చేరమని ఆర్డరు రాశారు. అంతే. నెల రోజులు పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగిన మనిషి సంగతి ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

వరండాలో ఆయన వెనక పరిగెత్తాను. "అన్నా" అన్నాను.

"అర్జీ మీద సంతకం పెట్టిన నాడే తెల్సింది తమ్మీ" అన్నాడు. "స్టేషన్ల ఆ కాయితం నాకు నాలుగుసార్లు సదివిండ్రు. సరే అన్నరా, దేనికి సరే అన్నరు అని ఆ ఒక్క మాట మీదనే కొట్టిండ్రు. నేను మీ వదినెకు గూడ చెప్పలే."

"మరి తెల్వదని ఎందుకన్నవే?"

"కట్టమ్మకు నెలలు నిండుతున్నయ్ గద."

కాలు ఈడ్చుకుంటూ రెండు మెట్లు దిగి ఆగాడు. "ముప్పై ఏండ్ల సంది అబద్ధమాడలే. ఇయ్యాల ఆడిన. అది నాకూ దేవునికీ నడుమ. నీది నువ్వు చూసుకో" అన్నాడు. కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది.

నేను వెనక్కి తిరిగి లోపలికి పోయాను. మేనేజరుగారు భోజనం ఏర్పాట్లు చూడటానికి బయటికి పోయారు, రాజేశ్వర్ రావు గారు ఒక్కరే ఉన్నారు. "సార్, ఆ కాగితం నేనే రాశాను. అర్జీ కూడా నేనే రాశాను" అన్నాను. పది మాటలు కూడా లేవు. జూలై నుంచి మోసుకు తిరిగిన మాటలు.

ఆయన తల కూడా ఎత్తలేదు. "నాకు కండ్లున్నయయ్యా. బయట టపాలో కవర్లు చూసిన" అన్నారు.

"రాసుకోండి సార్. సంతకం పెడతాను."

అప్పుడు తల ఎత్తారు. "దేవదానం తెల్వదని రాసిచ్చిండు. ఇప్పుడు నువ్వు నేనే అంటే ఆయన విచారణల అబద్ధం చెప్పినట్టయితది. మళ్ళ ఆయన కేసే మొదటికొస్తది. నీ మనసు తేలికైతది, ఆ మనిషి మునుగుతడు. పోయి పని చేస్కో."

బయటికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. హైదరాబాదుకు పోవాల్సిన కవర్లు పదకొండు ఉంటే అడ్రసులు రాశాను. 'క' సాగకుండా రాయాలని చూశాను, చేతకాలేదు.

ఆగస్టు 25, బుధవారం

మెమో ఇంకా సొరుగులోనే ఉంది. "ఈ వారం కాగితం ఏదయ్యా?" అన్నారు మేనేజరుగారు, ఏమీ జరగనట్టే. ఎవరూ ఏమీ అనడం లేదు సార్ అన్నాను. నిజమే. నేను పోతే అందరూ మాటలు ఆపేస్తున్నారు. దేవదానమన్న ఒక్కడే "తమ్మీ, టపా ఇటియ్యి" అని ఎప్పటిలాగే అంటున్నాడు.

ఆగస్టు 27, శుక్రవారం

దేవదానమన్న ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టారు. ఆఫీసువాళ్ళందరినీ పిలిచారు. వదిన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ముందు చాప మీద కూర్చోబెట్టింది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. పాటలు, ప్రార్థన. అందరూ ఆమెన్ అన్నారు. నాకు పెదవులు కదలలేదు.

తర్వాత భోజనాలు. సారయ్య పచ్చడి నంజుకుంటూ, "ఇంతకూ ఆ కాయితం రాసినోడు ఎవడు దేవదానం సారూ? జర చెప్పు, వాణ్ణి నేను చూసుకుంట" అన్నాడు.

"తెల్వదయ్యా" అన్నాడు దేవదానమన్న.

టైపిస్టు సావిత్రి అడిగింది. "మీకు అనుమానమైనా లేదా సార్?"

"తెల్వదమ్మా."

చర్చి పెద్దమనిషి ఒకాయన అడిగాడు. వాళ్ళ సంఘంలో ఆయనకు పెద్దరికం, ఆయన దగ్గర దేవదానమన్న ఎప్పుడూ ఏదీ దాచడట. ఈసారి కొంచెం ఆగాడు. ముద్ద చేతిలోనే ఉంది.

"తెల్వదు" అన్నాడు.

మూడుసార్లు విన్నాను. ఒక్కోసారికి ఆయన గొంతు తగ్గిపోయింది. ఒక్క అబద్ధమే అనుకున్నాడేమో పాపం, ఇది రోజూ ఆడాల్సిన అబద్ధమని ఆయనకు తెలియదు. బతికినంతకాలం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

అప్పుడు హన్నా వదిన గరిటె పట్టుకుని నా ముందు కూర్చుంది. "అన్ని కవర్లు నీ చేతుల మీదికెళ్ళే గద పోయేది తమ్మీ. నీకన్న తెల్వదా, మా కొంపకు నిప్పు పెట్టినోడెవడో?"

దేవదానమన్న అన్నం కలపడం ఆపాడు.

"తెల్వది వదినె" అన్నాను.

భయపడి అనలేదు. నేను నిజం చెప్తే ఆయన అబద్ధం బయటపడుతుంది, ఆయన ఉద్యోగం పోతుంది. రాజేశ్వర్ రావు గారు కూడా అదే చెప్పారు. కనుక ఆయన కోసమే అన్నాను. వదిన నా విస్తట్లో ఇంకో గరిటె కూర వేసింది, తిన్నాను. ఆయన కోసమే అన్నాను.